మెట్ల కింది గది

ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు నీరజ ఎడమచేతి చిటికెన వేలు రెండుసార్లు ఆడుతుంది. కంప్యూటర్ ముందుంటే కీబోర్డు పైమూలనున్న ఎస్కేప్ మీట మీద. బస్సులో ఉంటే ముందుసీటు కమ్మీ మీద. అన్నం ముందు కూర్చుంటే పళ్లెం అంచు మీద. టక్కు, టక్కు. ఆ తర్వాతే ముద్ద కలుపుతుంది. ఆ తర్వాతే నోరు విప్పుతుంది.

వాళ్లమ్మ వెంకటమ్మకు ఆ చప్పుడు గిట్టదు.

"తలుపు తట్టినట్ల ఏందే అది? ఎవురింటి తలుపు తడతాండావు?" అంటుంది.

నీరజ ముద్ద కలుపుతుంది.

ఆ అలవాటు మదనపల్లెలో అంటుకుంది. టమాటా మండీలకు పోయే దారిలో ఒక మందుల అంగడి, దాని పైన ఒక పొడుగాటి గది. ఆ గదిలో ఇళ్ల ప్లాన్లు కంప్యూటర్లో గీయడం నేర్పిస్తారు. కిటికీ తెరిస్తే లారీల పొగ, చక్రాల కింద చితికిన టమాటాల పులిసిన వాసన. మూస్తే ఉక్క. నేర్పించే మునికుమార్ కిటికీ మూయనిచ్చేవాడు కాదు. "వాసనకు ఎవురూ సావరు. ఉక్కకు కంప్యూటర్లు సస్తాయి" అనేవాడు.

మొదటిరోజే ఎస్కేప్ మీట చూపించి అతను చెప్పిన మాట ఇది.

"కొత్త పని సెప్పే ముందు పాత పనిని ఇడిపించుకోవల్లమ్మా. లేకుంటే అది నిన్ను పట్టుకోనే ఉంటాది. ఒకసారి కొడితే సగం ఇడుస్తాది. రెండుసార్లు కొట్టు, పూర్తిగా ఇడుస్తాది."

నీరజ రెండుసార్లు కొట్టింది. తెర మీద తనను వెంటాడుతున్న గీత తెగి మాయమైంది. నల్లటి తెర, మధ్యలో చిన్న తెల్లటి కూడిక గుర్తు. దాన్ని ఆమె చాలాసేపు చూసింది. అంత సులువుగా ఏదైనా వదలడం ఆమె అంతవరకు చూడలేదు.

ఇంటి దగ్గర ఏదీ అట్లా వదిలేది కాదు.

వాళ్లది కురబలకోట పక్క పల్లె. వేరుసెనగ పొలం, కొన్ని గొర్రెలు. పాత ఇంటి వెనక గొర్రెల దొడ్డి, దొడ్డి గోడకు ఆనించి రేకు కప్పిన ఒక మూల. ఆ మూలకు పేరు లేదు. "నీరజ యాడ?" అని ఎవరైనా అడిగితే, "ఆడుండాది" అనేవాళ్లు. అడిగినవాళ్లకు అర్థమయ్యేది. మళ్లీ అడిగేవాళ్లు కాదు. నెలకొకసారి ఆమె ఆడుండేది. వెంకటమ్మ పళ్లెం తెచ్చి నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు తినమనేది. పిడుచగట్టిన ఎరువు వాసన అన్నంలోకి వచ్చేది. పదో తరగతి పరీక్షలకు సగం చదువు అక్కడే. చదివిన పుస్తకాలను తర్వాత ఎండలో పెట్టి పసుపునీళ్లు చల్లేవాళ్లు. ఇప్పటికీ ఆ సాంఘికశాస్త్రం పుస్తకంలో పసుపు మరకలున్నాయి.

ఆమెకు కోపం వచ్చేది కాదు. కోపం వస్తే అరిచి దించుకోవచ్చు. వచ్చింది రోత. రోత దిగదు. నాలుక వెనక పేరుకుని అక్కడే ఉంటుంది.

ఇంటర్ అయిన వేసవిలో ఎదురింటివాళ్లు ఇల్లు కట్టారు. మేస్త్రీ సిమెంటు మూటల మీద ప్లాను పరిచి పెట్టాడు. నీరజ వంగి చూసింది. గోడంటే రెండు గీతలు. తలుపంటే ఆ గీతల్లో ఒక తెంపు, పక్కన ఒక వంపు. ఎక్కడ తెంపాలో ఎవరో కూర్చుని నిర్ణయించారు. తెంపిన చోట మనుషులు నడుస్తారు. తెంపని చోట ఆగిపోతారు. ఇల్లంటే అంతేనా అనిపించింది. అంతే అయితే ఆ కూర్చునేది తనెందుకు కాకూడదు అనిపించింది.

అట్లా మదనపల్లె బస్సెక్కింది.

చేయి త్వరగా కుదిరింది. గోడకు గోడ సమానంగా జరపడం, ఎక్కువైన గీతను కోయడం, తక్కువైనదాన్ని గోడ దాకా పొడిగించడం. "నీది మేస్త్రీ సెయ్యమ్మా" అన్నాడు మునికుమార్. ఆఖర్లో అందరికీ ఒక నమూనా ఇల్లు ఇచ్చాడు. చూసి ఉన్నదున్నట్టు గీయాలి. హాలు, వంటిల్లు, రెండు పడకగదులు, దేవుడి గది, బయటినుంచి పైకి మెట్లు. మెట్ల కింద నాలుగు గోడలు, నడుమ స్టోర్ అని ఇంగ్లీషు అక్షరాలు.

"సార్, దీనికి లోపల్నుంచి దారి లేదు. తలుపు బయటికుండాది."

"అట్లే ఉంటాదమ్మా. అట్లే గీయి."

వెనక వరుసలో బి.కొత్తకోట పిల్లవాడొకడు కిసుక్కుమన్నాడు. "అక్కకు తెలీదంట రా."

తెలుసు. అక్కడ ఉన్నవాళ్లందరికీ తెలుసు. నీరజ ఉన్నదున్నట్టు గీసింది. అందరికంటే శుభ్రంగా వచ్చిందని మునికుమార్ ఆ కాగితాన్ని గోడకు అంటించాడు.

పుంగనూరులో ప్రదీప్ అనే ఇంజనీరు ఆమెను పనిలో పెట్టుకున్నాడు. బస్టాండు దగ్గర, మేడ మీద ఆఫీసు. చెడ్డవాడు కాదు. టీ తెప్పిస్తే ఆమెకూ తెప్పిస్తాడు. ఇల్లు గీయమని వచ్చినవాళ్లకు కొత్తగా ఏదీ గీయడు. పాత ఇళ్లన్నీ కంప్యూటర్లో ముఖాల ప్రకారం ఉంటాయి. తూర్పు ముఖం ముప్పై నలభై. ఉత్తరం ముఖం ఇరవై యాభై. ఒకటి తీసి, పేరు మార్చి, రెండు గోడలు జరిపి ఇచ్చేస్తాడు. జరిపేది నీరజ.

ఇల్లు గీయించుకునేవాళ్లు జంటగా వస్తారు. మగమనిషి బల్ల ముందు కూర్చుంటాడు. ఆడమనిషి గోడవార ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. మగమనిషి ఈశాన్యంలో సంపు గురించి, ఆగ్నేయంలో పొయ్యి గురించి, కారు నిలిపే చోటు గురించి మాట్లాడతాడు. టీ గ్లాసులు కింద పెట్టేదాకా మాట్లాడతాడు. ఆ తర్వాత ఒక మౌనం వస్తుంది. మొగుడు పెండ్లాం వైపు చూస్తాడు. పెండ్లాం నేల చూస్తుంది.

"అదేప్పా. మెట్ల కింద..."

"తెలుసులేన్నా," అంటాడు ప్రదీప్. "నీరజా, పెట్టేయ్."

ఎవరూ ఎన్నడూ ఆ మాట పూర్తిచేయలేదు. కాలేజీ లెక్చరర్లు చేయలేదు. బ్యాంకులో పనిచేసే ఆవిడ చేయలేదు. మందుల అంగట్లో ఆ ప్యాకెట్టు అడిగితే పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, పక్కకు చూస్తూ ఇస్తారు కదా. ఇక్కడ అదే వస్తువుకు ఇటుకలు చుడుతున్నారు.

నీరజ మెట్లు గీసేది. మెట్ల కింద గోడలు గీసేది. బయటికి తలుపు తెంపేది. స్టోర్ అని రాసేది. ఒక మధ్యాహ్నం ప్రదీప్ ఆమె వెనక నిలబడి చూశాడు.

"మాటిమాటికీ యాల గీస్తావు దాన్ని? బ్లాకు సేసి పెట్టుకో."

బ్లాకంటే ఒకసారి గీసి పేరు పెట్టి దాచుకునే బొమ్మ. కావలసినప్పుడు ఒక్క నొక్కుతో దించుకోవచ్చు. మంచం, వాష్‌బేసిన్, కారు, చెట్టు, అన్నీ బ్లాకులే. నీరజ కూర్చుని దాన్నీ చేసింది. మెట్లు, మధ్యలో తిరిగే చోటు, దాని కింద గది, బయటికి తెరుచుకునే తలుపు. కిటికీ లేదు. ఎత్తు లెక్కవేసింది. మెట్లు తిరిగే చోటు కింద నేల నుంచి అయిదడుగులు. ఆమె అంతకంటే పొడుగు. ఎవరైనా పొడుగే. నిలబడాలంటే మెడ వంచాలి. ఆ లెక్క అంకెల్లో తెలియడానికి ముందే ఆమె నడినెత్తికి తెలుసు.

బ్లాకు బాగా కుదిరింది. ఒక్క గీత పక్కకు పోలేదు. ఎవరి చేయో మోటుగా కట్టిన రేకు మూలను తను కొలిచి, నున్నగా చేసి, ఒక్క నొక్కుతో ఏ ఇంట్లోనైనా దిగేలా తయారుచేసింది.

ఒక ఏడు వేరుసెనగ మాని టమాటా వేశారు, మంచి ధర పడింది. వెంకటమ్మ పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కడదామంది. "బయటోళ్లందరికీ గీస్తాండావు. మనకూ ఒగటి గీయి" అంది.

నీరజ పాత ఫైలేదీ తీయలేదు. నల్ల తెర మీద మొదటి గీత నుంచి మొదలుపెట్టింది. తనకొక గది, దానికి హార్స్లీ హిల్స్ వైపు కిటికీ. అమ్మకు వంటింట్లో నిలబడితే వాకిలి కనిపించేలా ఒక తెంపు. మెట్ల కింద గోడలు గీయలేదు. అక్కడ కాళ్లు కడుక్కునే కొళాయి, బండి నిలిపే చోటు. వాన పడితే గొర్రెపిల్లలు దూరి నిలబడొచ్చు.

చెంగయ్య మేస్త్రీ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, మడిచి నడుంలో దోపుకున్నాడు. "బొమ్మ బాగుండాదమ్మా" అన్నాడు.

ఒక సాయంత్రం పుంగనూరు నుంచి వచ్చేసరికి మెట్ల కింద గోడ రొమ్ము ఎత్తుకు లేచి ఉంది. ఇంకా తడిగా ఉంది.

"ఎవురు కట్టమన్న్యారు మేస్త్రీ?"

"మీయమ్మే. ఆడ వట్టి జాగా ఉండాది కదమ్మా, ఊరికే యాల పోనీయల్ల?"

"ప్లాన్లో లేదు కదా."

"ప్లాన్లో లేనివన్నీ ఇండ్లల్లో లేకుండా పోతే, నేను ఇన్నాళ్లు కట్టిందంతా ఏమి?" చెంగయ్య తాపీ గీకుతూ నవ్వాడు.

వెంకటమ్మ బకెట్టుతో గోడకు నీళ్లు కొడుతూ ఉంది. కూతురి ముఖం చూసింది.

"నువ్వు గీసింది కాగితం మీద ఉండాది, ఎవురూ తీసేలేదు. మాయత్త నన్ను గొర్రెల పక్కన పండబెట్టె. నేను నిన్ను సిమెంటు కప్పు కింద పండబెడతాండా. ఫ్యాను గూడా పెట్టిస్తా. ఇంగేం కావల్ల నీకు?"

ఆ గొంతులో మోసం లేదు. గర్వం ఉంది. ప్రేమ కూడా ఉంది. దాన్ని చూసి నీరజ ముఖం తిప్పుకుంది. ప్రేమతో పెట్టిన ఫ్యానును ఏమని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

అప్పటినుంచి నెలకొకసారి, తను గీయని గదిలో తనే పడుకుంటోంది. పగలు పుంగనూరు వెళ్లి, అదే గదిని ఇంకొకరి ఇంట్లో దించి వస్తోంది.

కుప్పం నుంచి మునిరత్నం వచ్చింది ఎండలు ముదరక ముందు. పట్టుగూళ్ల వ్యాపారం చేస్తాడు. పెద్దకొడుకు గణేష్‌కు పెండ్లి కుదిరింది. కోడలు కాబోయే పిల్ల సింధూజ బెంగళూరులోనే పుట్టి పెరిగింది, అక్కడే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. పెండ్లయ్యాక వారంలో కొన్ని రోజులు ఇంటినుంచే పని. అందుకే పాత వీధిలో కాకుండా ఊరి బయట రెండంతస్తుల కొత్త ఇల్లు. మునిరత్నం భార్య అమరావతి గోడవార కుర్చీలో కాకుండా బల్ల ముందే కూర్చుంది. పెద్ద గొంతు, గట్టి నవ్వు.

"మా ఇంటికొచ్చే పిల్ల మహారాణి మాదిరి ఉండల్లప్పా. ఆ పిల్లకు పైన ఆఫీసు రూము. గాలి, ఎలుతురు. అద్దాలు. ఖర్చుకు సూడొద్దు."

అన్నీ అయ్యాయి. టీ గ్లాసులు కింద పెట్టారు. మౌనం రావలసిన చోటికి వచ్చింది.

"మెట్ల కిందది ఉంటాదిలేమ్మా," అన్నాడు ప్రదీప్ ముందే.

"ఉండల్ల. అది లేకుంటే మాకు కాదు," అంది అమరావతి. కాస్త ముందుకు వంగింది. "అయితే ఒగ మాట. సదువుకున్న పిల్ల. ఆ మూడు పొద్దులూ ల్యాప్‌టాప్ పెట్టుకోవల్ల కదా పాపం. ఆడొక ప్లగ్గు పెట్టించు."

"శానా మంచి ఆలోచనమ్మా!" ప్రదీప్ నిజంగానే మెచ్చుకున్నాడు. నీరజ వైపు తిరిగాడు. "మన బ్లాకులోనే ప్లగ్గు చేర్చెయ్. ఇంగ అందురూ అడుగుతారు."

నీరజ వేలు రెండుసార్లు కొట్టుకుంది. ప్లగ్గు గుర్తు చిన్నది. గోడకు ఆనుకున్న అర్ధవృత్తం, దాని మీద ఒక గీత. కిటికీ లేని గోడకు దాన్ని తగిలించింది.

శంకుస్థాపన రోజు ప్రదీప్ ఆమెను కారులో కుప్పం తీసుకుపోయాడు. నేల మీద కొలతలు పట్టాలి. ఆ పొద్దున్నే ఆమె బయట చేరింది. ఎవరికీ చెప్పలేదు. వాళ్లమ్మకు కూడా చెప్పకుండా బస్సెక్కి పుంగనూరు చేరింది. ప్యాకెట్టు బ్యాగులో, కొలత టేపు కింద ఉంది.

అక్కడికి చేరేసరికి మేస్త్రీ దారాలు కట్టి ముగ్గు పోస్తున్నాడు. ఎర్రమట్టి మీద తెల్లటి గీతలు. తెర మీది ఇల్లు నేల మీద పడుకున్నట్టుంది. నీరజ గీతల వెంబడి నడిచింది. హాలు దాటింది. వంటింటి గోడ దాటింది. మెట్ల దగ్గర ఆగింది. ముగ్గుతో ఆ చిన్న గదిని కూడా పోసేశారు. నేల మీద అది ఇంకా చిన్నదిగా కనిపించింది. ఒక గొర్రె అడ్డంగా పడుకుంటే నిండిపోతుంది.

పూజారి సంకల్పం మొదలుపెట్టాడు. ముసలమ్మ ఒకామె గుంపులో నుంచి కేకేసింది. "ఆడోళ్లు ఎవురన్నా దూరంగా ఉండేది ఉంటే అట్ల పక్కకు పోండమ్మా. మల్లా నన్ను అనొద్దండి."

ఎవరూ కదల్లేదు. నీరజ కూడా కదల్లేదు. టెంకాయ ఒక్క దెబ్బకు సమంగా పగిలింది. అందరూ మంచి శకునమన్నారు.

సింధూజ వచ్చింది. పెండ్లికి ముందు కోడలు రాకూడదని ఒకరిద్దరు గొణిగారు గానీ, ఇల్లు ఆ పిల్ల కోసమే కదా అని అమరావతి పట్టుబట్టి పిలిపించింది. సన్నటి మనిషి. చెప్పులు చేత్తో పట్టుకుని, ముగ్గు చెరపకుండా గీతలు దాటుతూ వచ్చింది. గణేష్ అందరి నెంబర్లూ అడిగి ఫోన్లో "కుప్పం కొత్త ఇల్లు" అని గ్రూపు పెట్టాడు. "ఇంగ ఏం మార్పులున్నా దీంట్లో ఏసేయండి. అక్కా, మీ నెంబరు గూడా సెప్పండి."

ప్లాను కాగితాన్ని ఇటుకల మీద పరిచి, మూలలకు రాళ్లు పెట్టారు. సింధూజ వంగి వేలితో ఇంట్లోకి నడిచింది.

"ఇది హాలు. ఇది వంటిల్లు. దీనికి రెండు కిటికీలా? బాగుండాది." వేలు బయటికి వచ్చింది. మెట్లు ఎక్కబోయి ఆగింది. "అక్కా, ఈ స్టోర్‌కు లోపల్నుంచి దారి లేదే?"

నీరజ కాగితం వైపు చూసింది.

"ప్లగ్గు గూడా ఉండాది. స్టోర్‌లో ప్లగ్గు ఏంటికి?"

ఉన్నట్టుండి మునిరత్నానికి ఫోనులో పని పడింది. అమరావతి పసుపు పళ్లెం సర్దుకుంది. గణేష్ చెవి గోక్కున్నాడు. అతనికి తెలుసని ఆ గోక్కోవడంలోనే తెలిసింది. ప్రదీప్ నీరజ వైపు చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. బతిమాలడం ఉంది.

నీరజ వేలు కాగితం మీద రెండుసార్లు కొట్టుకుంది.

"ఇన్వర్టర్ పెట్టేదానికి," అంది. "గ్యాస్ సిలిండర్లకు గూడా. బయట్నుంచే దించుకోవచ్చు. ఇంట్లోకి మోసుకుపోయే పని లేదు."

"ఓ, అదా! మంచి ఐడియా," అంది సింధూజ. "మీరే గీసినారా?"

"నేనే."

గుంపులో ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. మునిరత్నం ఫోను జేబులో పెట్టుకున్నాడు. అమరావతి నవ్వుతూ వచ్చి నీరజ నుదుట కుంకుమ దిద్దింది. చేతిలో రవికగుడ్డ, పండు, తాంబూలం పెట్టింది. "బంగారట్లాంటి పిల్ల. ఎంత తెలివి!" అని బుగ్గ పుణికింది. ఆ వేళ్లకు పసుపు, నెయ్యి. నీరజ బుగ్గ మీద ఆ జిడ్డు అట్లాగే ఉండిపోయింది. ప్రసాదం చేతిలో పోశారు. బెల్లం నాలుక మీద కరిగింది.

తిరుగు దారిలో ప్రదీప్ హుషారుగా ఉన్నాడు.

"బాగా సమాళించినావు తల్లీ. నాకైతే గుండె ఆగినంత పనైంది. సిలిండర్లంట!" స్టీరింగ్ మీద చరిచి నవ్వాడు. "యాడ్నుంచి వచ్చింది నీకా మాట?"

"కారు నిలపండి."

పలమనేరు ఇంకా రాలేదు. మామిడి తోపు పక్కన నిలిపాడు. నీరజ దిగి, కంచె పట్టుకుని వాంతి చేసుకుంది. ప్రసాదం బెల్లం, పొద్దున తిన్నది, అంతా వచ్చేసింది. రోత మాత్రం రాలేదు.

"కారు పడలేదా?" అన్నాడు ప్రదీప్, నీళ్ల సీసా అందిస్తూ.

"పడలేదు."

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. వెంకటమ్మ కొళాయి దగ్గర బిందె కడుగుతోంది. కూతురు గడప దాకా వచ్చి ఆగడం చూసింది.

"ఏమ్మే?"

"ఔను."

"ఎప్పట్నుంచి?"

"పొద్దున్నే."

బిందె చేతిలోంచి జారింది. "పొద్దున్నా! పూజకు పోతివే! దేవుడా, పెండ్లోళ్ల ఇల్లే అది! ఏమీ కాలేదు కదా?"

"టెంకాయ బాగానే పగిలింది."

"ఎగతాళా నీకు?" వెంకటమ్మ చెంపలు వేసుకుంది. "ఎవురికీ సెప్పొద్దు. గమ్మునుండు. ఆడికి పో, సాప ఏసుండాది."

నీరజ మెట్ల కిందికి పోయింది. తల వంచింది. అలవాటుగా వంగిన తలను చూసుకోవడానికి అక్కడ అద్దం లేదు. చాప మీద కూర్చుని పైకి చూసింది. కప్పుకు సెంట్రింగు పలకల గుర్తులు, గీత పక్కన గీత. ఫ్యాను తిరుగుతోంది. కొత్త సిమెంటు వాసన ఎప్పుడో పోయింది. ఇప్పుడు మూసిన చోటుకుండే వాసన, పాత గుడ్డల వాసన, తన వాసన.

వెంకటమ్మ పళ్లెం తెచ్చి నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. సంగటి, వేరుసెనగ చట్నీ.

నీరజకు సింధూజ వేలు గుర్తొచ్చింది. ప్లాను మీద ఇంట్లోకి నడిచి, బయటికొచ్చి, అడిగిన వేలు. తను మదనపల్లెలో, బి.కొత్తకోట పిల్లవాడు నవ్వుతుండగా అడిగిన ప్రశ్ననే ఆ పిల్ల అడిగింది. తనకు మునికుమార్ కనీసం అబద్ధం చెప్పలేదు. అట్లే ఉంటాదన్నాడు. తను అబద్ధం చెప్పింది. పెండ్లయిన మొదటి నెలలో అమరావతి ఇదే నవ్వుతో చెబుతుంది, ఆడ పండుకోమ్మా, ప్లగ్గుండాది అని. సింధూజ చెప్పులు చేత్తో పట్టుకుని ఆ తలుపు దగ్గర నిలబడుతుంది. బయట్నుంచి దించుకునే వస్తువు ఏదో అప్పుడు తెలుస్తుంది. ఇన్వర్టరూ కాదు, సిలిండరూ కాదు.

గదిని ప్లాన్లోంచి తీసేయవచ్చు. తీసేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందులోనే కూర్చుని ఉంది. చెంగయ్యలాంటివాడు ఊరికొకడు ఉన్నాడు. గోడలు ఆపడం గీతల వల్ల కాలేదు. కానీ ఇన్ని ఇళ్లల్లో, ఇన్ని గోడల నడుమ, ఇన్ని నోళ్లల్లో అది ఏమిటో ఎవరూ అనలేదు, ఎక్కడా రాయలేదు. పేరు లేకుండానే పుడుతోంది. తన చేతి మీదుగా పుడుతోంది.

పళ్లెం ముందు కూర్చుంది. వేలు ఆడలేదు. సంగటి చల్లారి బిరుసెక్కింది. ఆమె ముట్టలేదు.

మర్నాడు పొద్దున నీరజ మొదటి బస్సుకు పుంగనూరు పోయింది. ప్రదీప్ రాకముందే తన దగ్గరున్న తాళంచెవితో ఆఫీసు తెరిచింది. కంప్యూటర్ వెలిగించి కుప్పం ఇంటిని తెర మీదికి తెచ్చింది. చిటికెన వేలితో రెండుసార్లు కొట్టింది. మెట్ల కింద ఉన్న స్టోర్ అనే మాట చెరిపింది. ఆ చోట తెలుగులో రాసింది: ఇంటి ఆడవాళ్లను బయట చేరినప్పుడు పడుకోబెట్టే గది. ఎత్తు అయిదడుగులు. కిటికీ లేదు. ఇంట్లోకి తలుపు లేదు.

అక్షరాలు గదిలో పట్టలేదు. గోడ దాటి కారు నిలిపే చోటులోకి పోయాయి. వాటిని చిన్నవి చేయలేదు. పీడీఎఫ్‌గా మార్చి, గణేష్ పెట్టిన గ్రూపులోకి పంపింది. కింద ఒక్క మాట రాసింది. "సింధూజా, నిన్న నేను చెప్పింది అబద్ధం."

తర్వాత బ్లాకు తెరిచి, దాని లోపల కూడా అవే మాటలు రాసి, భద్రం చేసింది.